మందుల షాపుల సీటు

మా అన్నయ్య నిజాయితీపరుడు. ఆ జబ్బుకి నా షాపులో మందు లేదు. ఉంటే ఎప్పుడో కాఫీలో కలిపి తాగించేదాన్ని.

నాది మందుల షాపు. బజారు వీధి మలుపులో, ఒక పక్క బ్రెడ్డు షాపు, ఇంకో పక్క చెప్పులు కుట్టే ఆయన కొట్టు, మధ్యలో నేను. పొద్దుటి నుంచి తెల్లకోటు వేసుకుని, "ఈ మాత్ర తిన్నాక వేసుకోవాలా, తినకముందా" అన్న ప్రశ్నకి జవాబు చెబుతూ ఉంటాను. షాపు వెనక, మేడమెట్ల కింద కొంచెం జాగా ఉంది. అక్కడ ఒక నీలం కర్టెన్, దాని వెనక చేతులున్న కుర్చీ, పక్కన టీకాల ఫ్రిజ్. ఆ కుర్చీ వేసిన దగ్గర్నుంచి నాకు నా షాపు మీద మళ్ళీ కొత్తగా ప్రేమ పుట్టింది. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

అంతకుముందు టీకా కావాలంటే ఊరి చివర ఆసుపత్రికే పోవాలి. పొద్దున్నే వెళ్ళి టోకెన్ తీసుకోవాలి, మెట్లెక్కాలి, బల్ల మీద పడిగాపులు పడాలి, భోజనాల వేళయిందని రేపు రమ్మంటే నోరు మూసుకుని తిరిగిరావాలి. బ్రెడ్డు షాపావిడ ఏళ్ళ తరబడి టీకా వేయించుకోలేదు. ఎందుకమ్మా అంటే, "షాపెవరు చూస్తారండీ, మీరొచ్చి పిండి కలుపుతారా?" అనేది. గడియారాలు బాగుచేసే తాతగారికి ఆ మెట్ల మాటెత్తితేనే మోకాళ్ళు నొప్పెట్టేవి. అలాంటిది, శిక్షణ తీసుకున్న మందుల షాపుల వాళ్ళు కూడా టీకాలు వేయొచ్చని ప్రయోగంగా ఒక ఏడాదికి అనుమతిచ్చారు. నేను శిక్షణలో మొదటి వరసలో కూర్చున్నాను. ఆ తర్వాత బ్రెడ్డు షాపావిడ చేతికి పిండితోనే వచ్చి, టీకా వేయించుకుని, పొయ్యిలో పెట్టింది మాడకముందే వెళ్ళిపోయింది. తాతగారైతే పనేమీ లేకపోయినా వచ్చి, "ఇంకేమైనా టీకాలు మిగిలాయామ్మా?" అని అడిగి పోతుంటాడు.

ఏడాది చివర ఆ కుర్చీలు ఉంచాలా తీసేయాలా అన్నది ఊరి ఆరోగ్య బోర్డు తేలుస్తుంది. ఆ బోర్డులో మందుల షాపుల తరఫున ఒక సీటు ఉంది. అది ఖాళీ అయింది. మన పని గురించి ఓనమాలు తెలియని వాళ్ళు కూర్చుని నా కుర్చీ సంగతి తేల్చేస్తుంటే చూస్తూ ఊరుకునే రకాన్ని కాదు. దరఖాస్తు పెట్టాను. ఆ సీటులో ఎవరిని కూర్చోబెట్టాలో చెప్పే ముగ్గురి ఎంపిక కమిటీకి పెద్ద ఎవరనుకున్నారు? మా అన్నయ్యే.

హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. నేను చదివిన బడిలోనే లెక్కలు చెప్పేవాడు. పరీక్ష పేపర్లు అందరివీ ఒకలా దిద్ది, నాకు మాత్రం ఒక మార్కు కోసేవాడు. చెల్లెలికి ఎక్కువ వేశాడని ఎవరూ అనకూడదట. నేను ఇంటికొచ్చి ఏడిస్తే, "నీకు రావాల్సింది నీకు తెలుసు కదే, చాలదూ?" అనేవాడు. చాలదు. అప్పుడూ చాలలేదు, ఇప్పుడూ చాలదు. అయినా ఈసారి అలా చేయడులే అనుకున్నాను. ఇది లెక్కల పరీక్ష కాదు, ఊరి జనం ఆరోగ్యం.

ఒక మధ్యాహ్నం వదిన ఫోన్ చేసింది. "అమ్మాయ్, కోప్పడనంటే ఒక మాట చెప్తాను."

"కోప్పడను. చెప్పు వదినా."

"ఆ సీటు వేరేవాళ్ళకి ఇచ్చేశారు."

"ఎవరికి?"

"ఐస్‌క్రీమ్ ఫ్యాక్టరీ ఆయనకి."

కోపం నషాళానికంటింది. కోప్పడనన్న మాట అక్కడికక్కడే వెనక్కి తీసుకుని, షాపు మా ఆయనకి అప్పజెప్పి అన్నయ్య ఇంటికి బయల్దేరాను. అన్నయ్య వరండాలో పేపరు చదువుకుంటున్నాడు. నన్ను చూసి పేపరు ఇంకాస్త పైకెత్తాడు.

"నా దరఖాస్తు చదివావా?" అన్నాను.

"నీ పేరు చూడగానే పక్కన పెట్టేశాను."

"చదవకుండానే?"

"చదివితే ఎక్కడ నచ్చుతుందోనని భయం వేసింది. నువ్వు నా చెల్లెలివి. నీకిస్తే ఊరు ఏమంటుంది?"

"నీకు చెల్లెల్నవడం నా తప్పా? పుట్టేముందు నన్నెవరైనా అడిగారా? సరే, నన్ను కాదన్నావు. మా ఎదురు షాపాయన కూడా పెట్టాడుగా. ఆయన నీ చెల్లెలు కాదే!"

మా ఎదురు షాపాయన గురించి ఒక మాట చెప్పాలి. రోడ్డుకి అవతల ఆయనది ఇంకో మందుల షాపు. ఆయన్ని నేను నసుగుడాయన అంటాను. ఆయన మొహం మీద కాదు, మా ఆయన దగ్గర. ఆయన నోట్లోంచి ఒక వాక్యం పూర్తిగా బయటికొచ్చేలోపు నేను ఇద్దరికి టీకా వేసి పంపేయగలను. ఆయనంటే నాకు గిట్టదు. అయినా ఆయన మందుల మనిషి. ఐస్‌క్రీమ్ మనిషి కాదు.

అన్నయ్య పేపరు దించి, తప్పు చేసిన పిల్లవాడికి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు. "ఆయనకిస్తే, చెల్లెలికి పోటీ వ్యాపారం చేసేవాడికి కావాలనే ఇచ్చాడంటారు. మన ఇంటి గొడవలు బోర్డుకెక్కించాడంటారు. అందుకని మందుల షాపుల వాళ్ళందర్నీ పక్కన పెట్టేశాను. ఎవరి మీదా అభిమానం చూపలేదు."

"మందుల షాపుల సీటుకి మందుల షాపుల వాళ్ళందర్నీ పక్కన పెట్టావా?"

"ఐస్‌క్రీమ్ ఆయన ఎవరికీ చుట్టం కాదు. పైగా చల్లగా ఉంచడం గురించి ఆయనకంటే బాగా తెలిసినవాళ్ళెవరు? టీకాలకి కావాల్సింది అదే కదా."

నా తల నేనే గోడకేసి కొట్టుకుందామనుకున్నాను. గోడకి ఈమధ్యే రంగు వేయించారని వదిన బాధపడుతుందని మానేశాను. "నువ్వు బతికుండగా ఈ గుమ్మం తొక్కను" అని చెప్పి వచ్చేశాను. అలాంటి మాట నేను ఏడాదికోసారి అంటాను, వదిన పట్టించుకోదు.

కొన్నాళ్ళకి బోర్డు నుంచి అన్ని షాపులకీ, టీకాలు నిలవుంచే డిపోకీ ఒక ఉత్తర్వు వచ్చింది. టీకాలు మరింత చల్లగా ఉంచాలట. గడ్డకట్టేంత చల్లగా ఉంటే మరీ శ్రేష్ఠమట. కింద కొత్త సభ్యుడి సలహా మేరకు అని రాసి ఉంది. చదివి, మడిచి, ఊగుతున్న బల్ల కాలి కింద పెట్టుకున్నాను. టీకాలు చల్లగా ఉండాలి నిజమే, కానీ కొన్నిటికి గడ్డకట్టడమంటే చావే. ఇది శిక్షణలో మొదటి రోజే చెబుతారు. ఇంత చిన్న విషయం డిపో వాళ్ళకి తెలియదా, వాళ్ళూ పక్కన పడేసి ఉంటారులే అనుకున్నాను. వాళ్ళు పక్కన పడేయలేదు.

ఆ వారంలోనే మా మేనకోడలు వచ్చింది. అంటే ఈ హెడ్మాస్టరు గారి కూతురే. కడుపుతో ఉంది. పాదాలు వాచి, చెప్పుల్లో పట్టక, మడమలు బయట పెట్టి నడుచుకుంటూ వచ్చింది. వస్తూనే కర్టెన్ వెనక్కి దూరింది.

"అత్తా, నాన్నకి చెప్పకు."

"ఏమైందే?"

"ధనుర్వాతం టీకా వేయించుకోమన్నారు. నాన్నేమో ఆసుపత్రికే పొమ్మంటాడు. నీ షాపుకొస్తే సొంతవాళ్ళకి గిరాకీ తెచ్చిపెట్టాడంటారట. ఆ మెట్లు నా వల్ల కాదత్తా."

"మీ నాన్న సంగతి తర్వాత చూద్దాం. కూర్చో."

ఆ పొద్దున డిపో నుంచి వచ్చిన పెట్టెలోంచి ఒక సీసా తీశాను. అలవాటుగా ఊపాను. ఆ మందు ఊపితే బియ్యం కడిగిన నీళ్ళలా సమంగా తెల్లగా ఉండాలి. చాలాసేపటి దాకా అలాగే ఉండాలి. ఇదేమో సన్నటి పొట్టు పొట్టుగా విడిపోయింది. బల్ల మీద పెట్టి చూస్తూ ఉండగానే ఆ పొట్టంతా అడుక్కి దిగిపోయి, పైన తేటనీళ్ళు మిగిలాయి. గడువు దాటిందని తిరిగి పంపడానికి పక్కన పెట్టిన పాత సీసా ఒకటి ఉంటే, అదీ ఊపి దీని పక్కనే పెట్టాను. అది తెల్లగానే ఉంది. పెట్టెలో మిగతావన్నీ ఒక్కొక్కటే తీసి ఊపాను. అన్నీ అంతే. డిపోలో గడ్డకట్టించి పంపారు, దారిలో కరిగాయి. పైకి చూస్తే ఏమీ తెలియదు.

"ఏంటత్తా, వేయవా?"

"వేయను. ఇవాళ కాదు. ఇది చచ్చిన మందు."

"వేస్తే ఏమవుతుంది? నాకేమైనా అవుతుందా? లోపల పాపకి..."

"ఏమీ అవదు. చెయ్యి కాస్త నొప్పెడుతుంది. టీకా వేయించుకున్నామని నిశ్చింతగా ఇంటికి పోతావు. కానీ రేపు అవసరమొస్తే ఇది నిన్నూ కాపాడదు, పాపనీ కాపాడదు. అదే దీని దుర్మార్గం."

అది రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని నా వంకే చూసింది. డిపోకి ఫోన్ చేశాను. అవతల ఉన్నాయన చాలా సంతోషంగా పలికాడు. "బాగా చల్లగా వచ్చాయా అండీ? రాయిలా గట్టిపడేదాకా ఉంచి పంపిస్తున్నాం. బోర్డు వాళ్ళ ఆర్డరు." నేను నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. "మాకదంతా తెలియదండీ, ఆర్డరు మారితే మేమూ మారుస్తాం" అన్నాడు.

ఆర్డరు మార్చాలంటే ఎవర్ని పట్టుకోవాలి? ఇంకెవర్ని! షట్టరు దించేశాను. సీసాలు రెండూ చల్లపెట్టెలో పెట్టుకుని, మేనకోడల్ని రిక్షా ఎక్కించుకుని, తొక్కనన్న గుమ్మం మళ్ళీ తొక్కాను.

అన్నయ్య అప్పుడే భోజనానికి కూర్చున్నాడు. కంచం పక్కకి జరిపి సీసాలు రెండూ ఆయన ముందు పెట్టాను.

"ఊపు."

"ఏంటిది?"

"ముందు ఊపవయ్యా!"

ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండూ ఊపాడు. బల్ల మీద పెట్టాడు. ఎడం పక్కది తెల్లగానే ఉంది, కుడి పక్కది అడుక్కి దిగింది. మళ్ళీ ఊపాడు. మళ్ళీ దిగింది. విషయం చెప్పాను. ఈ టీకాయే నీ కూతురికి వేయబోయాను, ఊపి చూడకపోతే వేసేసి ఉండేదాన్ని అని కూడా చెప్పాను. కూతురు నా షాపుకి ఎందుకొచ్చిందని అడగబోయి, వదిన చూపు చూసి ఆగిపోయాడు. లేచి వెళ్ళి ఐస్‌క్రీమ్ ఆయనకి ఫోన్ చేశాడు.

ఐస్‌క్రీమ్ ఆయన ఉన్నపళాన వచ్చాడు. లావుపాటి మనిషి, భుజానికి తువ్వాలు, చంకలో పిల్లలకని ఒక ఐస్‌క్రీమ్ డబ్బా. ఇంట్లో పిల్లలెవరూ లేకపోయేసరికి దాన్ని వదిన చేతిలో పెట్టాడు. నేను సీసాలు చూపించి చెబుతుంటే చెంపలు వాయించుకున్నాడు.

"అయ్యో, గడ్డకడితే పాడవుతుందా అమ్మా? మాకు కరిగితే పాడవుతుంది. నాకు తెలిసిందే అది. మాస్టారు పిలిచారు, పెద్దమనిషి పిలిచాడు కదా అని వచ్చాను. నీకు టీకాల గురించి ఏం తెలుసు అని ఒక్కళ్ళూ అడగలేదే! అడిగితే ఏమీ తెలియదని చెప్పేవాణ్ణి కదా!"

"మరి గడ్డకట్టించమని సలహా ఎందుకిచ్చారండీ?" అన్నాను.

"మీటింగులో అందరూ ఏదో ఒకటి చెబుతున్నారమ్మా. నా వంతు వచ్చింది. ఏమీ చెప్పకపోతే బాగోదని..."

ఆయన మీద నాకు కోపం రాలేదు. అంత నిజం ఆ బోర్డులో అంతవరకు ఎవరూ మాట్లాడి ఉండరు. ఆ సీటు తనకొద్దని, రేపే రాసిచ్చేస్తానని, ఇక తన దారిన తనని పోనివ్వమని దణ్ణం పెట్టాడు. ఉత్తర్వు రద్దు చేయమని అన్నయ్య బోర్డు వాళ్ళకీ డిపోకీ ఫోన్లు చేశాడు. చేసి వచ్చి నా ఎదురుగా కుర్చీలో కూలబడ్డాడు. మొహం వాడిపోయింది.

"ఇప్పుడేం చేయమంటావే? నీకిస్తే పక్షపాతం. ఇవ్వకపోతే ఇదీ."

"నాకిమ్మని ఎవరన్నారు? నన్ను చూడమన్నాను, అందరితో పాటు. చెల్లెలి దరఖాస్తు వస్తే గదిలోంచి బయటికి వెళ్ళాల్సింది నువ్వు అన్నయ్యా, దరఖాస్తు కాదు! నువ్వు బయటికొచ్చి కూర్చో. మిగతా ఇద్దరూ తేలుస్తారు. ఇంత పెద్ద హెడ్మాస్టరువి, ఈ మాత్రం తట్టలేదా?"

 వదిన వంటింట్లోంచి, "ఇన్నేళ్ళకి ఎవరో ఒకరు చెప్పారు" అంది. ఆ తర్వాత కూర్చుని, పాత కోపాలన్నీ తవ్విపోసుకున్నాం. మార్కుల సంగతి కూడా వచ్చింది. కాఫీలు తాగాం, ఐస్‌క్రీమ్ తిన్నాం. ఇంటికొచ్చేసరికి చీకటి పడింది. ఎన్నాళ్ళ తర్వాతో హాయిగా నిద్రపోయాను.

ఊళ్ళో మాత్రం హాయిగా లేదు. మర్నాటికల్లా సంగతి గుప్పుమంది. తప్పు బోర్డుది, అయినా నోళ్ళు మా మీదే పడ్డాయి. "షాపుల్లో టీకాలేంటి, కిరాణా కొట్టా? అనుభవించండి" అని ఆసుపత్రి వరండాల్లో అనుకున్నారట. బోర్డు ఒక మాట తేల్చి చెప్పింది. ఆ చచ్చిన మందు ఏ షాపులోనైనా ఒక్క మనిషికి ఎక్కి ఉన్నా సరే, ఏడాది పూర్తయ్యేదాకా కూడా ఆగరు, కుర్చీలన్నీ వెంటనే ఎత్తించేస్తారు. నాకు తిండి సయించలేదు. తాతగారు వచ్చి, "కుర్చీ తీసేస్తారటగా అమ్మా?" అంటే, "మీరు ఊరుకోండి తాతగారూ" అని కసిరేశాను. విచారణ చేశారు. ఒక్క మనిషికి కూడా ఎక్కలేదని తేలింది. నేను గట్టిగా గాలి పీల్చుకుని, మన షాపుల వాళ్ళు తెలివైనవాళ్ళేలే అనుకున్నాను. అంతకంటే ఆలోచించలేదు.

సీటుకి మళ్ళీ దరఖాస్తులు పిలిచారు. ఈసారి ఇంటర్వ్యూ కూడా పెట్టారు. ఆ రోజు అన్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, కమిటీ గదిలోకి వెళ్ళకుండా వరండాలో బల్ల మీద, అభ్యర్థుల పక్కన కూర్చున్నాడు. జనం వచ్చి, "మాస్టారూ, మీరేంటి ఇక్కడ?" అంటుంటే, "నా చెల్లెలు పోటీలో ఉంది. అందుకని బయట ఉన్నాను" అని ఒక్కొక్కరికీ చెబుతున్నాడు. నాకు ముద్దొచ్చాడు. "నీ దరఖాస్తు నకలుందా?" అని అడిగి తీసుకుని, చదవడం మొదలుపెట్టాడు.

నన్ను లోపలికి పిలిచారు. ఆసుపత్రి పెద్ద డాక్టరమ్మ, ఒక లాయరుగారు ఉన్నారు. అన్నీ చకచకా చెప్పాను. ఏ టీకా ఎంత చల్లదనంలో ఉండాలి, ఎవరికి వేయాలి, ఎవరికి వేయకూడదు, వేశాక కళ్ళు తిరిగి పడిపోతే ఏం చేయాలి, అన్నీ. డాక్టరమ్మ తల ఊపుతూనే ఉంది. చివర్లో అడిగింది.

"మందు పాడైందని తెలియగానే మీరేం చేశారు?"

"పెట్టెలో అన్నీ పరీక్షించి పక్కన పెట్టేశానండీ. నా షాపులో ఒక్కటీ ఎవరికీ వేయలేదు."

"ఆ తర్వాత?"

"డిపోకి ఫోన్ చేశాను. వినలేదు. అప్పుడు మా అన్నయ్య ఇంటికి వెళ్ళాను."

"మీ అన్నయ్య ఇంటికి" అంది డాక్టరమ్మ.

"ఆయన కమిటీకి పెద్ద కదా..." అంటూనే నాకు నా మాట వినబడింది. ఆగిపోయాను.

లాయరుగారు మెల్లగా అడిగాడు. "అదే పెట్టెలు ఆ పొద్దునే అన్ని షాపులకీ వచ్చాయి కదమ్మా. మీరు మీ అన్నయ్యగారింట్లో ఉన్నంతసేపూ అక్కడ జనం టీకాలకి వస్తూనే ఉంటారు. వాళ్ళకెవరు చెప్పారు?"

 ఎవరు చెప్పారు? నిజంగా ఎవరు చెప్పారు? నేనేమో ఆ సమయానికి ఐస్‌క్రీమ్ తింటూ పాత మార్కుల లెక్కలు తేలుస్తున్నాను. "నాకు తెలియదండీ" అన్నాను.

బయటికొచ్చి బల్ల మీద కూర్చున్నాను. పక్కనే నసుగుడాయన. తన వంతు కోసం చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నేను అడగకుండా ఉండలేకపోయాను.

"ఏవండీ, ఆ రోజు మీరేం చేశారు?"

"అంటే... ఏముందండీ... స్కూటరుంది కదా... ఒక్కో షాపుకీ వెళ్ళి... ఊపి చూపించి... పక్కన పెట్టించాను..."

"అన్ని షాపులకీనా?"

"అంటే... ముందు అటు సగమే వెళ్దామనుకున్నానండీ..."

"సగమేంటి?"

ఆయన మొహమాటపడ్డాడు. "మీ షట్టరు దించి ఉంది కదా... మీకు తెలియకుండా ఉండదు కదా... మీరు ఇటు సగం షాపులకి చెప్పడానికి బయల్దేరారనుకున్నాను... అటు సగం నేను చూసుకుందామని... తర్వాత ఎందుకో అనుమానమొచ్చి ఇటొచ్చి అడిగితే ఎవరికీ తెలియదన్నారు... మీకేదో అడ్డమొచ్చి ఉంటుందిలే అని... ఇటు కూడా నేనే..."

లోపలి నుంచి ఆయన్ని పిలిచారు. "వస్తానండీ" అని లేచి వెళ్ళాడు. నేను అలాగే కూర్చుండిపోయాను. ఆయన నన్ను తిట్టినా బాగుండేది. దెప్పినా బాగుండేది. నా మీద అంత నమ్మకం ఎవరు పెట్టుకోమన్నారయ్యా నిన్ను! ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. చెల్లెల్నని అన్నయ్య నన్ను పక్కన పెట్టాడని ఊరంతా గోల చేశాను. తీరా పని పడిన రోజున మందుల మనిషిగా కాక చెల్లెలిగానే పరిగెత్తాను.

సీటు ఆయనకే ఇచ్చారు. డాక్టరమ్మ బయటికొచ్చి చెప్పింది. ఆయన నా దగ్గరకొచ్చి ఏదో చెప్పాలని నిలబడ్డాడు.

"కుర్చీల సంగతి ఏం చేస్తారు?" అన్నాను.

"తీయనివ్వను" అన్నాడు. ఆయన నోట్లోంచి అంత చిన్న వాక్యం అంత స్పష్టంగా రావడం నేనెప్పుడూ వినలేదు.

మెట్లు దిగుతుంటే అన్నయ్య నా దరఖాస్తు మడిచి నా చేతికిచ్చాడు.

"మొత్తం చదివాను. చాలా బాగుంది."

"నువ్వు లోపలుంటే నాకిచ్చేవాడివా?"

కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. "లేదే. ఆయనకే ఇచ్చేవాణ్ణి."

"చెల్లెల్నని?"

"కాదు. ఆయన తిరిగాడు కాబట్టి."

ఒళ్ళు మండింది. మండినా, ఏం చేస్తాం, ఆ మాట నిజం. మా అన్నయ్య నన్ను కాదన్నందుకు జీవితంలో మొదటిసారి నాకు ఎదురు చెప్పడానికి ఏమీ దొరకలేదు. కళ్ళు తుడుచుకుని అన్నయ్య స్కూటరెక్కాను. ఇంటి దారిలో మొదటి మందుల షాపు కనబడగానే ఆపమన్నాను.

"ఇక్కడేం పనే?"

"నువ్వు బయట కూర్చో" అని లోపలికి వెళ్ళాను. ఆ షాపు పిల్ల నన్ను చూసి లేచి నిలబడింది.

"అమ్మా, కొత్త సరుకొచ్చిందిగా, మీ టీకాల ఫ్రిజ్ ఒకసారి చూడనిస్తారా?" అన్నాను.

"నిన్ననే మీ ఎదురు షాపాయన స్కూటరు మీద వచ్చి చూసి వెళ్ళారండీ. మళ్ళీ మీరెందుకు?"

"ఆయన చూడాల్సింది కాదమ్మా" అన్నాను. "ఈ సగం నాది."